షిర్యాన్ మాట వెనక సిరియాక్: ఒక చార్టు ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

పని ఏమిటో ముందు రాసిపెట్టుకుంటాను. శరీర భాగాల పేర్లు ఒక భాషలోంచి ఇంకో భాషలోకి ఎలా వచ్చాయో చూపించే గోడ చార్టు ఒకటి తయారుచెయ్యాలి. హైదరాబాదులో యూనానీ వైద్యం చదివే పిల్లల కోసం ఇది. వాళ్ల పాఠాలు ఉర్దూలో సాగుతాయి, పారిభాషిక పదాలు చాలావరకు అరబ్బీవి. ఆ పదాల వెనక ఏముందో వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ.

ఇలాంటి చార్టులు ఇప్పటికే ఉన్నాయి. నేను చూసినవాటిలో దారి ఒకటే. పైన గ్రీకు, దాని కింద అరబ్బీ, ఆ కింద ఫార్సీ, ఉర్దూ. గాలెన్ అనే గ్రీకు వైద్యుడు రాశాడు, అరబ్బులు అనువదించారు, మనదాకా వచ్చింది అన్నట్టు ఉంటుంది. కానీ గ్రీకుకీ అరబ్బీకీ నడుమ మూడు వందల ఏళ్లకు పైగా ఇంకో భాషలో వైద్యం చదివారు, రాశారు, బోధించారు. అది సిరియాక్. అరామిక్ భాషలో ఎడెస్సా ప్రాంతపు మాండలికం. ఎడెస్సా అంటే ఇప్పటి తుర్కియేలోని ఉర్ఫా. ఉర్దూలో ఈ భాషను సుర్యానీ అంటారు, కేరళ క్రైస్తవులు సురియాని అంటారు. అంత పని చేసిన భాషకు చార్టులో ఒక్క గడి కూడా ఇవ్వకపోవడం అన్యాయం. నా చార్టులో ఆ గడి ఉంటుంది, అదీ నడిమధ్యలో.

మొదటి పదం ఎంచుకున్నాను: షిర్యాన్. ఉర్దూలో, అరబ్బీలో ధమనికి ఇదే మాట, బహువచనం షరాయీన్. తల, నాలుక, పన్ను లాంటి మాటలతో మొదలుపెట్టడం సులువే, కానీ అవి అరబ్బీకీ అరామిక్‌కూ ఒకే తల్లి నుంచి వచ్చిన ఆస్తి. వాటిలో ప్రయాణం ఏమీ లేదు. షిర్యాన్ రూపం చూస్తే మాత్రం బయటినుంచి వచ్చిన మాటలా ఉంది. ఎందుకలా అనిపించిందో ముందు ముందు రాస్తాను, దానికి లెక్క ఉంది.

జూన్ చివర

టేబుల్ తయారైంది. అడ్డంగా భాషలు, నిలువుగా పదాలు. ప్రతి గడిలో మూడు విషయాలు: మాట, అది కనిపించే పాత చోటు, అర్థం. పాత చోటు దొరకని మాటను గడిలో పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను. ఈ నియమం లేకపోతే పద చరిత్ర రాయడం ఊహాగానం అయిపోతుంది.

నిఘంటువుల విషయంలో సిరియాక్ అదృష్టవంతురాలు. పేన్ స్మిత్ లాటిన్‌లో తయారుచేసిన మహా నిఘంటువు 1868 నుంచి 1901 దాకా విడతలుగా వచ్చింది. దాన్ని ఆయన కూతురు జెస్సీ సంక్షిప్తం చేసి 1903లో ఇంగ్లీషులో తెచ్చారు. నాలాంటివాళ్లకు రోజూ పనికొచ్చేది అదే. ఇంటర్నెట్‌లో కాంప్రెహెన్సివ్ అరమాయిక్ లెక్సికన్ ఉంది. అది సిరియాక్‌తో ఆగకుండా అరామిక్ శాఖలన్నిటినీ ఒకచోట చూపిస్తుంది. వీటన్నిటికంటే నాకు ముఖ్యమైనది 10వ శతాబ్దంలో బాగ్దాద్‌లో హసన్ బర్ బహ్లూల్ కూర్చిన నిఘంటువు. సిరియాక్ మాటకు అరబ్బీ అర్థం ఇస్తాడు. రెండు భాషలూ పక్కపక్కనే బతికిన కాలపు మనిషి ఇచ్చిన సాక్ష్యం అది.

సిరియాక్ మాటల్ని తెలుగు లిపిలో ఎలా రాయాలి అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. ఇక్కడ తెలుగుకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. సిరియాక్‌లో హ్రస్వ ఎకారం వేరు, దీర్ఘ ఏకారం వేరు. దేవనాగరిలో మామూలుగా రాస్తే ఆ తేడా పోతుంది, మనకు పోదు. ధమని అనే అర్థంలో సిరియాక్ మాట షెర్యానా. మొదటి అక్షరం షె, షే కాదు. తల అంటే రేషా, అక్కడ ఏకారం దీర్ఘం. రెండూ చక్కగా కుదిరాయి. గొంతు లోపలినుంచి పలికే ఐన్ లాంటి అక్షరాలకు మన దగ్గర గుర్తు లేదు, అక్కడ అకారంతో సర్దుకున్నాను.

చివరి దీర్ఘం గురించి చార్టులో చిన్న వివరణ తప్పదు. సిరియాక్ నామవాచకాలు నిఘంటువులో ఆకారంతోనే కనిపిస్తాయి: రేషా, షెన్నా, షెర్యానా. పాతకాలంలో అది 'ఫలానా' అని నిర్దేశించే ప్రత్యయం, తర్వాత మాటలో భాగమైపోయింది. అరబ్బీలోకి వెళ్లిన మాటలు చాలావరకు ఆ ఆకారాన్ని వదిలేస్తాయి. మషీహా అక్కడ మసీహ్ అయింది. షెర్యానాలోంచి ఆకారం తీసేస్తే మిగిలేది షెర్యాన్. షిర్యాన్‌కు అది ఎంత దగ్గరో వేరే చెప్పక్కర్లేదు. కానీ పోలిక ఒక్కటే రుజువు కాదు.

జూలై, రెండో వారం

షెర్యానా కోసం వెతికితే కుప్పలుగా ఫలితాలు వస్తున్నాయి, వాటిలో చాలా భాగం యుద్ధాల గురించి. కారణం ఇది: సిరియాక్‌లో అచ్చంగా ఇలాగే రాసే ఇంకో మాట ఉంది, దాని అర్థం కవచం. సిరియాక్ బైబిలులో ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం 14వ వచనంలో 'నీతియను మైమరువు' అని తెలుగులో ఉన్నచోట షెర్యానానే ఉంటుంది.

ఈ కవచం మాటది వేరే పెద్ద చరిత్ర. హీబ్రూలో షిర్యోన్. దావీదు ఎదుర్కొన్న గొల్యాతు తొడుక్కున్న పొలుసుల కవచానికి వాడిన మాట అదే. ఇంకా వెనక్కి వెళ్తే పశ్చిమాసియాలోని పాత భాషలైన హుర్రియన్‌లో, అక్కాదీయంలో దీనికి దగ్గరి రూపాలు ఉన్నాయి. క్రీస్తుకు వెయ్యేళ్లకు పైగా ముందునుంచి సైనికులతో పాటు దేశదేశాలు తిరిగిన మాట. రక్తనాళాన్నీ కవచాన్నీ కలిపి 'గోడలు గట్టిగా ఉండే గొట్టం కాబట్టి ఆ పేరు' అని కథ అల్లడం చాలా సులువు. వినడానికి బాగుంటుంది కూడా. ఆధారం లేదు కాబట్టి అల్లను. చార్టులో కవచానికి చోటు లేదు.

అరబ్బీ వైపు కూడా ఇలాంటి జంట ఉంది. పాత అరబ్బీ నిఘంటువుల్లో షర్యాన్ అంటే విల్లులు చెయ్యడానికి పనికొచ్చే ఒక చెట్టు. అదీ పక్కన పెట్టాను. వైద్య గ్రంథాలను, శరీరం గురించి మాట్లాడే వాక్యాలను మాత్రమే విడదీసి చూడ్డం మొదలుపెట్టాక టేబుల్ శుభ్రపడింది.

జూలై, చివరి వారం

ఈ వారం చేసిన పని చార్టు మొత్తానికి ఆయువుపట్టు. కాస్త వివరంగా రాసుకుంటాను.

అరబ్బీ, హీబ్రూ, అరామిక్ లాంటి సెమిటిక్ భాషల తల్లి భాషలో 'స' జాతికి చెందిన ధ్వనులు మూడు ఉండేవి. పిల్ల భాషలు వాటిని ఒక్కొక్కటి ఒక్కో రకంగా పంచుకున్నాయి. తల్లి భాషలోని ఒక ధ్వని అరామిక్‌లో ష గా నిలిచింది, అదే ధ్వని అరబ్బీలో స అయింది. ఇంకో ధ్వని దీనికి తలకిందులు: అరబ్బీలో ష, సిరియాక్‌లో స. ఈ పంపకం చాలా క్రమంగా ఉంటుంది. శరీర భాగాల పేర్లతోనే పరీక్షించి చూశాను.

నాలుక అరబ్బీలో లిసాన్, సిరియాక్‌లో లెష్షానా. పన్ను అరబ్బీలో సిన్, సిరియాక్‌లో షెన్నా. తల అరబ్బీలో రఅస్, సిరియాక్‌లో రేషా. ఉర్దూలో డబ్బున్నవాణ్ని రయీస్ అంటాం కదా, అది ఈ రఅస్ నుంచి వచ్చిందే. ఇప్పుడు రెండో వరస. వెంట్రుకలు అరబ్బీలో షఅర్, సిరియాక్‌లో సఅరా. పెదవి అరబ్బీలో షఫా, సిరియాక్‌లో సెఫ్తా. ఒకవైపు స ఉంటే రెండోవైపు ష, ఒకవైపు ష ఉంటే రెండోవైపు స.

ఇక మన మాట. అరబ్బీలో షిర్యాన్, సిరియాక్‌లో షెర్యానా. రెండువైపులా ష.

ఇది తల్లి భాష నుంచి ఇద్దరికీ వచ్చిన ఆస్తి అయితే ఇలా ఉండదు. అరబ్బీ ష నిజంగా పాతదైతే సిరియాక్‌లో సెర్యానా అని ఉండాలి. సిరియాక్ ష నిజంగా పాతదైతే అరబ్బీలో సిర్యాన్ అని ఉండాలి. రెండూ కాలేదు. అంటే ఒక భాష రెండో భాష నుంచి మాటను ఉన్నదున్నట్టుగా తీసుకుంది. పదాల గురించి ఎన్నో కథలు వింటాం, కానీ ఇంత చిన్న అక్షరం ఇంత స్పష్టంగా సాక్ష్యం చెప్పడం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. జూన్‌లో ఇది బయటి మాటలా ఉంది అని రాసుకున్నది ఇందుకే.

ఒక జాగ్రత్త కూడా రాసిపెట్టుకోవాలి. ఈ పరీక్ష ఒకవైపే పనిచేస్తుంది. రెండువైపులా ష ఉంటే అది అరువు మాట అని చెప్పొచ్చు. ఒకవైపు స, ఒకవైపు ష ఉన్నంత మాత్రాన అది అరువు కాదని చెప్పలేం. ఎందుకంటే అరబ్బీ కొన్ని సిరియాక్ మాటల్ని తీసుకునేటప్పుడు ష ను స గా మార్చేసుకుంది. సిరియాక్‌లో పూజారిని కష్షీషా అంటారు, అరబ్బీలో అది ఖిస్సీస్ అయింది. పూజారి దగ్గర సేవ చేసే షమ్మాషా అరబ్బీలో షమ్మాస్ అయింది. ఈ రెండో మాటలో మొదటి ష నిలిచింది, రెండోది మారింది, ఒకే మాటలో రెండు రకాలు. అన్నట్టు ఈ రెండు మాటలూ దక్షిణాదికి నేరుగా కూడా వచ్చాయి. కేరళ సురియాని చర్చిల్లో కశీశ, శెమ్మాశన్ అని ఈనాటికీ వాడతారు. అక్కడ ష ధ్వని శ గా నిలబడే ఉంది.

ఆగస్టు

అరువు అని తేలింది. ఎవరు ఎవరికి ఇచ్చారు? దీనికి తేదీ కావాలి. ఇస్లాం రాకకు ముందే, అరబ్బీలో వైద్య గ్రంథాలు పుట్టకముందే అరామిక్‌లో ఈ మాట ఉందని చూపించగలిగితే దిశ తేలిపోతుంది.

ఆ సాక్ష్యం సిరియాక్‌లో కంటే ముందు దాని చెల్లెలు దగ్గర దొరికింది. బాబిలోనియా యూదులు, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతపు యూదులు, మాట్లాడిన అరామిక్ అది. వాళ్ల ధర్మశాస్త్ర చర్చల మహా సంకలనం బాబిలోనియన్ తల్ముద్. ఏడో శతాబ్దానికి ముందే దాదాపుగా ఒక రూపానికి వచ్చింది. అందులో అవోదా జారా అనే భాగం, 28వ పత్రం రెండోవైపు.

అక్కడ చర్చ ఇది: యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు రోజున పని చెయ్యకూడదు, మందు నూరడం కూడా పనే. ప్రాణం మీదికి వస్తే మాత్రం మినహాయింపు ఉంది. మరి కంటి జబ్బు సంగతేమిటి? కన్ను పోతే ప్రాణం పోదు కదా? దీనికి సమాధానంగా ఒక సంఘటన చెబుతారు. మార్ షమూయేల్ ఇంట్లో పనిచేసే దాసికి సబ్బాతు రోజున కన్ను వాచింది. ఆమె కేకలు పెట్టింది. ఎవరూ పట్టించుకోలేదు. కన్ను పోయింది. మరునాడు మార్ షమూయేల్ బయటికి వచ్చి, కన్ను తిరగబడితే సబ్బాతు రోజున కూడా మందు పెట్టవచ్చని అందరికీ చెప్పాడు. కారణం ఏమిటి? 'కంటి షూర్యానేలు గుండె తమ్మెలకు వేలాడుతుంటాయి కాబట్టి.'

షూర్యానే అన్నది బహువచనం. సిరియాక్ షెర్యానాకు ఇది బాబిలోనియా రూపం. కంటినుంచి గుండెదాకా సాగే గొట్టాలు, అందుకే కంటి జబ్బు ప్రాణం జబ్బే అని ఆ వాదన. అనువాదకులు ఈ మాటను రకరకాలుగా తిప్పారు. అందులో వింత లేదు. మనం తెలుగులో నరం అన్నప్పుడు ఏమంటున్నామో ఆలోచిస్తే చాలు. నరం తెగి రక్తం కారింది అంటాం, నరాల బలహీనత అంటాం, చేతిమీద పచ్చగా ఉబ్బిన నరాలు అంటాం. రక్తనాళం, నాడీతంతువు, సిర అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. వైద్యులు గీత గీసేదాకా జనం భాషలో గీత ఉండదు. షూర్యానాకు కూడా తల్ముద్‌లో ఆ గీత ఇంకా పడలేదు. అది పడింది సిరియాక్ వైద్యుల చేతుల్లో.

మార్ షమూయేల్ యూఫ్రటీస్ ఒడ్డున నెహర్దేయాలో ఉండేవాడు, సుమారు 254లో చనిపోయాడు. స్వయంగా వైద్యుడు, కళ్ల మందుకు పేరుపడ్డవాడు. ఉదయం ఒక చుక్క చన్నీళ్లు కంట్లో వేసుకుని, సాయంత్రం కాళ్లూ చేతులూ వేణ్నీళ్లతో కడుక్కుంటే లోకంలో ఉన్న కంటి మందులన్నిటికంటే మేలు అని కూడా ఆయన పేరుమీద చెబుతారు. చార్టులో తేదీ గడిలో నేను 254 వెయ్యలేదు. ఆయన నోటి మాటే అక్షరాలా అలా నిలిచింది అని చెప్పడానికి వీల్లేదు, కారణం చెప్పే వాక్యం తర్వాతి సంకలనకర్తలదీ కావచ్చు. 'తల్ముద్, ఏడో శతాబ్దానికి ముందు' అని వేశాను. దిశ తేల్చడానికి అది చాలు. మాట అరామిక్‌ది, అరువు తెచ్చుకున్నది అరబ్బీ.

ఆ దాసి పేరు ఎక్కడా లేదు. ఆమె కన్ను పోవడంవల్ల వచ్చిన తీర్పు పదిహేను వందల ఏళ్లుగా చదువుతున్నారు. చార్టులో ఈ గడి కింద రెండు లైన్ల కథకు చోటు ఉంచాను, షమూయేల్ పేరుతో పాటు ఆమె ప్రస్తావన కూడా ఉంటుంది.

ఆగస్టు చివర

సాంకేతిక పని మాత్రమే. సిరియాక్ లిపికి యూనికోడ్‌లో 1999 నుంచి చోటు ఉంది, ఉచిత ఫాంట్లు ఉన్నాయి. ఎస్ట్రాంగెలా అనే పాత రాతను ఎంచుకున్నాను, దూరంనుంచి కూడా చదవడానికి వీలుగా ఉంటుంది. ఉర్దూకు నస్తాలీఖ్ రాత. ఒకే గడిలో కుడినుంచి ఎడమకు నడిచే లిపి, ఎడమనుంచి కుడికి నడిచే తెలుగు కలిస్తే కామాలు, అంకెలు ఎక్కడెక్కడికో ఎగిరిపోతున్నాయి. లిపికి ఒక గడి చొప్పున విడగొట్టాను.

సెప్టెంబరు

ఇప్పుడు నడిమధ్య గడి, నేను ఈ పని మొదలుపెట్టిందే దీనికోసం.

రెష్‌ఐనా అనే ఊరు సిరియా, తుర్కియే సరిహద్దులో ఉంది, ఇప్పటి పేరు రాస్ అల్ ఐన్. ఊరి పేరులోనే రెండు శరీర భాగాలు ఉన్నాయి: రేష్ తల, ఐనా కన్ను. ఐనాకు నీటి ఊట అనే అర్థం కూడా ఉంది, ఊరు పేరుకు అర్థం 'ఊట తల'. ఆ ఊరి వైద్యుడు సెర్గియస్, అలెగ్జాండ్రియాలో చదువుకున్నాడు, 536లో చనిపోయాడు. గాలెన్ గ్రీకు గ్రంథాలను పెద్ద ఎత్తున సిరియాక్‌లోకి తెచ్చిన మొదటి మనిషి ఈయన.

ఆయన అనువాదాలు చాలావరకు పోయాయి. పోయినవాటిలో కొన్ని ఎలా తిరిగి వస్తున్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మందు దినుసుల మీద గాలెన్ రాసిన గ్రంథానికి సెర్గియస్ చేసిన అనువాదం తోలు పత్రాల మీద ఉండేది. 11వ శతాబ్దంలో ఎవరో ఆ రాత గీకేసి, దానిమీద చర్చి కీర్తనలు రాసుకున్నారు. తోలు ఖరీదైనది, పాత వైద్యం ఎవరికీ అక్కర్లేకపోయి ఉంటుంది. మన కాలంలో రకరకాల రంగుల కాంతిలో ఆ పత్రాలను ఫోటోలు తీసి, కింది రాతను మళ్లీ పైకి తెస్తున్నారు. విడిపోయిన కొన్ని పత్రాలు వేరు వేరు దేశాల గ్రంథాలయాల్లో బయటపడ్డాయి. అది మందుల పుస్తకం, నా మాటకు నేరుగా సంబంధం లేదు. అయినా చార్టు పక్క గడిలో ఆ పత్రం గురించి రాస్తాను. సిరియాక్ గడి ఎందుకు ఖాళీగా కనిపిస్తుందో పిల్లలకు అర్థం కావాలి. పని జరగలేదని కాదు, రాత గీకేశారని.

సెర్గియస్ తర్వాత మూడు వందల ఏళ్లకు హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్. హీరా ఊరివాడు, తూర్పు సిరియాక్ చర్చి క్రైస్తవుడు, బాగ్దాద్‌లో పనిచేసి 873లో చనిపోయాడు. ఆయన రాసిన ఒక ఉత్తరం మనకు మిగిలింది. గాలెన్ గ్రంథాలు 129 పేర్కొని, ఏది ఎవరు సిరియాక్‌లోకి తెచ్చారు, ఏది అరబ్బీలోకి వచ్చింది, ఎవరు అడిగితే చేశారు అని రాశాడు. నేను ఇప్పటిదాకా చదివిన ప్రాజెక్టు రికార్డులన్నిటిలో ఇంత నిజాయితీగా రాసింది ఇంకోటి లేదు. ఒక గ్రంథం గ్రీకు ప్రతికోసం ఉత్తర మెసొపొటేమియా, సిరియా, పాలస్తీనా, ఈజిప్టు తిరిగి, అలెగ్జాండ్రియా దాకా వెళ్లి, చివరికి డమాస్కస్‌లో సగం మాత్రమే దొరికిందని రాస్తాడు. పాత అనువాదాల్లో ఏవి బాగాలేవో పేరు పెట్టి చెబుతాడు, సెర్గియస్‌వి కూడా వదలడు.

ఈ ఉత్తరం చదివితే తెలిసేది, గాలెన్ అరబ్బీలోకి నేరుగా దూకలేదు. మాటిమాటికీ ముందు సిరియాక్, తర్వాత అరబ్బీ. క్రైస్తవ వైద్యులు అడిగితే సిరియాక్‌లో, మిగతా పోషకులు అడిగితే అరబ్బీలో. హునైన్ సిరియాక్ చేస్తే, దాన్ని పెట్టుకుని ఆయన మేనల్లుడు హుబైష్ అరబ్బీ చేసినవి ఎన్నో ఉన్నాయి. బల్లమీద సిరియాక్ ప్రతి, అందులో షెర్యానా, చేతిలో కలం, రాయాల్సింది అరబ్బీ. ఆ గదుల్లోనే షిర్యాన్ వైద్య పదంగా స్థిరపడింది.

గాలెన్ మాట అర్తేరియా. ఆ గ్రీకు మాట మొదట్లో గాలిగొట్టానికి కూడా వాడేవాళ్లు. ధమనుల్లో గాలి ఉంటుందని పాత గ్రీకు వైద్యులు నమ్మారు, చచ్చిన జంతువును కోస్తే అవి ఖాళీగా కనిపిస్తాయి కాబట్టి. వాటిలో రక్తమే ఉంటుందని ప్రయోగం చేసి చూపించింది గాలెన్. సిరియాక్ అనువాదకులు అప్పటికే ఆ విషయం తెలిసినవాళ్లు, వాళ్ల దగ్గర సొంత మాట ఉంది, దాన్ని సిరల నుంచి వేరుచేసి ధమనికే కట్టారు. జనం మాటకు గీత గీశారు అని ఆగస్టులో రాసుకున్నది ఇదే.

అక్టోబరు

హైదరాబాదు గడులు. ఉస్మానియా ప్రాంగణంలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ 1888లో మొదలైన సంస్థ. పాత అరబ్బీ రాతప్రతులను సరిచూసి అచ్చువెయ్యడం దాని పని. పర్షియా వైద్యుడు రాజీ రాసుకున్న అల్ హావీ అనే మహా వైద్య గ్రంథాన్ని 1955 నుంచి విడతలుగా 23 భాగాల్లో తెచ్చింది ఇక్కడే. ప్రపంచంలో ఎక్కడ ఆ గ్రంథం మీద పని చేసినా హైదరాబాదు ప్రతి అని ఉదహరిస్తారు. మన ఊళ్లో చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలియాలి.

రాజీ 925లో చనిపోయాడు. హావీ ఆయన సొంత నోట్సు, శిష్యులు తర్వాత కూర్చారు. ఎవరు ఏం చెప్పారో వాళ్ల పేరు పెట్టి రాస్తాడు, గాలెన్, హునైన్, సిరియాక్ ద్వారా అరబ్బీలోకి వచ్చిన అహ్రూన్. తన మాట రాసేటప్పుడు 'లీ', అంటే 'నాది', అని పెడతాడు. కళ్ల జబ్బుల మీది రెండో భాగం తెరిచి పెట్టుకుని ఈ పేర్లు గుర్తుపట్టుకుంటూ పోయాను. కలిసి పనిచేసిన రెండు భాషలూ ఒకే పేజీలో ఉన్నాయి.

అవిసెన్నా అని కూడా పిలిచే వైద్యుడు ఇబ్న్ సీనా రాసిన కానూన్‌లో నిర్వచనం సూటిగా ఉంటుంది: కొట్టుకునే నాళాలు, అవే షరాయీన్. 'కొట్టుకునే నాళాలు' అన్నది అచ్చ అరబ్బీలో కట్టిన మాట, పక్కనే సిరియాక్ నుంచి వచ్చిన మాట. ఒక్కటి తప్ప మిగతా ధమనులన్నిటికీ రెండు పొరలు ఉంటాయని కూడా చెబుతాడు. ఆ ఒక్కటి ఊపిరితిత్తుల నుంచి గుండె ఎడమవైపుకు వచ్చే నాళం. గుండె ఎడమవైపుది కాబట్టి లెక్కకు ధమని, గోడ పలచన కాబట్టి చూపుకు సిర. అందుకే దాన్ని షిర్యాన్ వరీదీ, సిరలాంటి ధమని అన్నారు. కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్లేది వరీద్ షిర్యానీ, ధమనిలాంటి సిర. 1242లో ఇబ్న్ నఫీస్ కానూన్‌కు వ్యాఖ్యానం రాస్తూ, గుండె నడిమి గోడలో రంధ్రాలు లేవు, రక్తం వరీద్ షిర్యానీ ద్వారా ఊపిరితిత్తులకు వెళ్లి, గాలితో కలిసి, షిర్యాన్ వరీదీ ద్వారా ఎడమవైపుకు వస్తుందని తేల్చాడు. ఈ సంగతిని 1924లో ఈజిప్టు వైద్యుడు ముహ్యిద్దీన్ తతావీ బెర్లిన్‌లోని రాతప్రతిలో గుర్తించేదాకా లోకానికి పట్టలేదు. గుండె, ఊపిరితిత్తుల బొమ్మ వేసి ఈ రెండు పేర్లనూ దానిమీదే రాయాలి, మాటల్లో చెబితే పిల్లలు తికమకపడతారు.

చార్మినార్ వైపు వైద్యం చేసే ఒక పెద్ద హకీమ్ గారికి ముసాయిదా చూపించాను. చాలాసేపు సిరియాక్ గడి దగ్గరే ఆగారు.

"సుర్యానీ నుంచి వచ్చిన మాట అని మా ఉస్తాద్ ఒకసారి అన్నారు బాబూ. ఎలాగో చెప్పలేదు. ఈ షీన్, సీన్ లెక్క నాకు రాసివ్వు."

"రాసిస్తాను హకీమ్ సాబ్. మరి నబ్జ్ గడిలో ఏం పెట్టమంటారు?"

ఆయన నా మణికట్టు మీద నాలుగు వేళ్లు ఆనించారు. "నబ్జ్ అంటే షిర్యాన్ కదలిక. ఇంబిసాత్, ఇంఖిబాజ్. విప్పారడం, ముడుచుకోవడం. ఆ రెండూ పెట్టు, చాలు."

పెట్టాను.

నవంబరు

తెలుగు గడి చివరికి మిగిల్చాను. మన పాఠ్యపుస్తకాల్లో షిర్యాన్‌కు సాటి మాట ధమని, సంస్కృతం నుంచి వచ్చింది. దాని ధాతువుకు ఊదడం అని అర్థం. గ్రీకు అర్తేరియాలో గాలి, మన ధమనిలో ఊదడం, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండానే. సుశ్రుతుడు నాభి నుంచి 24 ధమనులు బయలుదేరుతాయని చెబుతాడు, అవి ఈనాటి అర్థంలో ధమనులు కావు. అందుకని తెలుగు గడిని సిరియాక్ దారికి గీతతో కలపలేదు. పక్కన విడిగా, వేరే రంగులో పెట్టాను. వంశం వేరని చూడగానే తెలియాలి.

గీతల విషయంలో తేల్చుకున్నది: తల్లి భాష నుంచి వచ్చిన ఆస్తికి నిండు గీత, అరువుకు చుక్కల గీత. షిర్యాన్ వరసలో షెర్యానా నుంచి షిర్యాన్‌కు చుక్కల గీత, అక్కడినుంచి ఫార్సీ, ఉర్దూలకు కూడా చుక్కల గీతే. గ్రీకు అర్తేరియా నుంచి షెర్యానాకు ఏ గీతా లేదు, 'అర్థం మాత్రమే' అని చిన్న అక్షరాల్లో రాశాను. భావం గ్రీకుది, మాట అరామిక్‌ది. పాత చార్టుల్లో పైనుంచి కిందికి ఒకే బాణం వెయ్యడం వల్ల పోయింది ఈ తేడానే.

ఫ్లెక్సీ షాపులో నమూనా ప్రింటు తీయించాను. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో సిరియాక్ అక్షరాలు, నస్తాలీఖ్ రెండూ విడివిడిగా ఊడిపోయాయి, ఒకదానితో ఒకటి అతుక్కోలేదు. అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇస్తే సరిగ్గా వచ్చింది. బట్టమీద కాకుండా మందపాటి కాగితం మీద వేయిస్తాను, తరగతి గదిలో దగ్గరనుంచి చదివేది కాబట్టి.

తర్వాతి వరస వరీద్, సిర. అరబ్బీ, సిరియాక్ రెండిటిలోనూ ఉంది, సిరియాక్‌లో వ్రీదా. ఖురాన్ 50వ అధ్యాయం 16వ వాక్యంలో మెడ నరం అనే అర్థంలో వస్తుంది. అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే, సుమారు 200 నాటి యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో, హుల్లిన్ భాగంలో, పశువును కోసేటప్పుడు వెరీదీన్ తెగాలని రబ్బీ యెహూదా చెప్పిన మాట ఉంది. ఇక్కడ పరీక్షించాల్సింది ష కాదు, మొదటి అక్షరం. అరబ్బీలో వ తో మొదలయ్యే మాటలు హీబ్రూలో, అరామిక్‌లో య తో మొదలవుతాయి. బిడ్డ అరబ్బీలో వలద్, సిరియాక్‌లో యల్దా. ఆ లెక్కన వ్రీదాలో వ ఉండకూడదు, కానీ ఉంది. సిరియాక్ నిఘంటువులో వ అక్షరం కింద ఉండే మాటలు బహు తక్కువ, ముందు వాటన్నిటినీ టేబుల్‌లోకి ఎక్కిస్తున్నాను.